ఆటో దిగి ఇంటికొచ్చాం



పోయిన నెలలో మన సంఘపు తమ్ముడొకడు హైదరాబాదు నుండి ఫోన్ చేశాడు. బాగోగులన్నీ అయ్యాక గొంతు తగ్గించి, "అయ్యగారూ, ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. మన సంఘంలో అద్భుతాలు ఎందుకు జరగవు?" అన్నాడు. రాత్రి డ్యూటీ అయ్యాక ఫోన్లో పెద్ద పెద్ద కూడికలు చూస్తాడట. చంకకర్రలు పక్కన పడేసి నడిచేవాళ్లు, వేదిక మీద ఏడుస్తూ సాక్ష్యం చెప్పేవాళ్లు. "మన దగ్గర ఎప్పుడు చూసినా అవే పాటలు, అదే ప్రార్థన, అదే అవ్వ, అదే సాక్ష్యం" అని నవ్వాడు.

నేను కూడా నవ్వేశాను. ఫోన్ పెట్టాక మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ అవ్వ సాక్ష్యం మన మందిరంలో వినబడి అప్పటికే ఐదు వారాలైంది. ఆపింది నేనే.

మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మిరపకోతల కాలం వస్తే మన ఆడవాళ్లు తెల్లవారుజామున నాలుగున్నరకే క్యారేజీలు కట్టుకుని ఆటో ఎక్కుతారు. ఏడుగురు కూర్చోవాల్సిన బండిలో పదిహేనుమంది. వెనక చెక్క మీద కాళ్లు వేలాడేసుకుని నలుగురు. చీకటితో పోయి చీకటితో రావడం. ఆదివారం సాక్ష్యాల సమయంలో అవ్వ లేచి నిలబడి కొంగు తలమీదకు లాక్కుని ఒకటే మాట చెబుతుంది: "ఈ వారమంతా ఆటో ఎక్కి పోయాం, ఆటో దిగి ఇంటికొచ్చాం. ప్రభువుకి స్తోత్రం." అంతే. కూర్చుంటుంది. ఆరేళ్లుగా నేను ఈ సంఘంలో ఉన్నాను, ఆరేళ్లూ అదే విన్నాను. కోతలు లేని కాలంలో పొగాకు గ్రేడింగుకి పోతుంది, అప్పుడూ అదే మాట.

ఆ ఆదివారం వేరే ఊరినుండి ఒక దైవసేవకుడు వచ్చి ఉన్నాడు. ఆయన దగ్గర పెద్ద సాక్ష్యం ఉంది. నాకు టైము తక్కువ. అవ్వ లేవగానే నేను మైకులోనే, "అవ్వా, అది ప్రతి వారం చెప్పేదే కదా. ప్రత్యేకమైన సాక్ష్యం ఉన్నవాళ్లకు అవకాశం ఇద్దాం" అన్నాను. కొంతమంది నవ్వారు. అవ్వ కూడా కాస్త నవ్వి కూర్చుంది. తరువాతి ఆదివారం లేవలేదు. ఆ తరువాతా లేవలేదు. నిజం చెప్పాలంటే, ఆరాధన పది నిమిషాలు ముందే ముగుస్తోందని సంతోషించాను తప్ప ఎందుకు లేవడం లేదో అడగలేదు.

తమ్ముడి ప్రశ్నకి జవాబు వెతుకుదామని ఆ రాత్రి బైబిలు ముందు పెట్టుకున్నాను. సెమినరీలో చదివేటప్పుడు, ప్రకృతి నియమాలకు పైగా దేవుడు చేసే కార్యమే అద్భుతం అని నోట్సు రాసుకున్నవాణ్ణి. ఎర్రసముద్రం, యొర్దాను, కర్మెలు మీద అగ్ని, ఇలాంటివన్నీ వరుసగా మనసులోకి వచ్చాయి. కానీ పేజీలు తిప్పుతుంటే ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయం దగ్గర వేలు ఆగింది. అక్కడ మోషే ముసలివాడు. నలభై ఏళ్ల ప్రయాణం అయిపోవచ్చింది. ప్రజలకు గుర్తు చేస్తున్నాడు: మీ ఒంటిమీది బట్టలు పాతబడిపోలేదు, మీ కాళ్లు వాయలేదు అని.

ఎన్నోసార్లు చదివిన వచనమే. ఆ రాత్రి మాత్రం ఒక ఆలోచన వచ్చింది. ఆ నలభై ఏళ్లలో ఏ ఉదయం ఏ ఇశ్రాయేలీయుడు గుడారంలోనుండి బయటికి వచ్చి, "అబ్బా, ఈ రోజు నా చొక్కా చిరగలేదు, అద్భుతం!" అని ఉంటాడు? సముద్రం చీలిన రోజున అందరూ పాడారు, తంబురలు పట్టుకుని స్త్రీలు నాట్యం చేశారు. బట్ట చిరగకపోవడానికి ఎవరు పాడతారు? చిరిగితే తెలుస్తుంది గాని చిరగకపోతే ఎలా తెలుస్తుంది? నలభై ఏళ్లు గడిచాక ఒక ముసలాయన వెనక్కి తిరిగి చూసి చెబితే గాని అది దేవుడు చేసిన పని అని ఎవరికీ తట్టలేదు.

మన్నా సంగతీ అంతే. మొదటి ఉదయం నేలమీద పడినదాన్ని చూసి ఇదేమిటని ఒకరినొకరు అడిగారు. సంఖ్యాకాండము 11కి వచ్చేసరికి ఈ మన్నా తప్ప ఇంకేమీ కనబడడం లేదని ఏడ్చారు. రోజూ వచ్చే అద్భుతం విసుగైపోయింది. మన రేషను బియ్యం మీద మనం సణిగినట్టే. తరువాత యెహోషువ 5లో, గిల్గాలులో పస్కా ఆచరించి ఆ దేశపు పంట తిన్న మరుసటి రోజే మన్నా ఆగిపోయింది. అయ్యో, అద్భుతాలు ఆగిపోయాయే అని ఆ రోజు ఎవరూ ఏడ్చినట్టు అక్కడ రాయలేదు. ఆకాశంనుండి పెట్టిన చెయ్యే ఇప్పుడు పొలంనుండి పెడుతోంది. దున్నాలి, కొయ్యాలి, దంచాలి, అంతే తేడా. ఆ గోధుమలు దేవునివి కావని ఎవరనగలరు?

మన జిల్లావాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని సండేస్కూలు పిల్లలు కూడా చెబుతారు. మా తాతలు ఆ లెక్క చెప్పేటప్పుడు ఛాతీ ఉబ్బేది. అది దేవుని కార్యమే, నేను కాదనను. కానీ దానికి ముందు రెండేళ్లు ఏం జరిగిందో మనం అంతగా చెప్పుకోం. 1876 నుండి కరువు. గింజ లేదు, పశువులు చచ్చిపోతున్నాయి. అప్పుడు ఒంగోలులో ఉన్న క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకి అక్కడ మట్టిపని ఇప్పించాడు. పార, గంప, కూలి, గంజి. కూడుకోసం దేవుణ్ణి నమ్మారన్న మాట రాకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు కూడా ఆపి ఉంచాడు. కాలువ గట్టు మీద మట్టి మోసి సాయంత్రం కూలి తీసుకున్న తల్లి తన బిడ్డకి పోసిన గంజి, ఆ 2,222లో కలవదు. ఏ పండుగలోనూ ఆ గంజి గురించి ప్రసంగం వినలేదు. ఆ గంజి తాగి బతికినవాళ్ల మునిమనవలం మనలో ఎంతమందిమి ఉన్నామో.

ఇంతవరకు వచ్చేసరికి తమ్ముడికి జవాబు దొరికేసిందనుకున్నాను. మంచి ప్రసంగం తయారైంది, ఆదివారం చెబుదామనుకున్నాను. చెప్పలేదు. మధ్యలో ఒక ఇంటికి వెళ్లాల్సి వచ్చింది.

ఆ చెల్లెమ్మ పేరు రాయను. ఇది రాయడానికి ఆమె ఒప్పుకుంది, పేరు వద్దంది. ఆమె భర్తకి కిడ్నీలు పాడై పద్నాలుగు నెలలు డయాలసిస్ చేయించారు. మంగళవారం, శుక్రవారం పట్నం పోయి రావడం. మనమందరం మూడు రోజులు ఉపవాసముండి ప్రార్థించాం, గుర్తుందా? నేను ఆయన తలమీద చెయ్యి వేసి, ప్రభువు నిన్ను లేపుతాడు అని గట్టిగా చెప్పాను. ఆయన చనిపోయాడు. మట్టి చేసి రెండు నెలలు కాకముందే, మందిరంలో ఒక సహోదరుడు తనకు కలిగిన స్వస్థత గురించి సాక్ష్యం చెప్పాడు. నేను ఆనందం పట్టలేక వెంటనే లేచి, "చూశారా, విశ్వాసముంటే అద్భుతం జరిగి తీరుతుంది!" అన్నాను. అందరూ హల్లెలూయ అన్నారు. ఆ చెల్లెమ్మ కూడా అక్కడే, మూడో వరుసలో ఉంది. ఆ తరువాత ఆమె మందిరానికి రావడం మానేసింది. వంట పని, పిల్లల బడి, ఏవేవో కారణాలు ఇంకెవరో చెబితే నమ్మాను.

వెళ్లి కూర్చున్నాను. మంచినీళ్లు ఇచ్చింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత అడిగింది: "అయ్యగారూ, నా విశ్వాసం ఎంత తక్కువైంది? కొలత ఏమన్నా ఉంటే చెప్పండి. ఎంత తక్కువైతే ఆయన పోయాడు?"

ఇరవై ఏళ్ల సేవలో నన్ను ఇంత తిన్నగా ఎవరూ అడగలేదు. వాక్యం చెప్పాలని నోరు తెరిచి మూసుకున్నాను. చివరికి అపొస్తలుల కార్యములు 12 చదువుదామా అన్నాను. ప్రసంగం చెయ్యడానికి కాదు, నేనూ ఆమెతోబాటు చదవాలని. ఒకే అధ్యాయం. మొదట్లోనే హేరోదు యాకోబును కత్తితో చంపించాడు. యేసుప్రభువు తన వెంట కొండమీదికి తీసుకువెళ్లిన ముగ్గురిలో ఒకడు. రెండో వచనంలోనే అయిపోయాడు. తరువాత పేతురును చెరసాలలో వేస్తే దూత వచ్చి సంకెళ్లు ఊడగొట్టి బయటికి తెచ్చాడు. అదే సంఘం, అదే కాలం. యాకోబుకోసం వాళ్లు ప్రార్థించకుండా ఉంటారా? యాకోబు తల్లి విశ్వాసం తక్కువైందని లూకా ఒక్క మాట రాశాడా? పైగా పేతురు తిరిగొచ్చి తలుపు కొడుతుంటే, లోపల ప్రార్థిస్తున్నవాళ్లే నమ్మలేదు. రొదే అనే పనిపిల్ల పరుగెత్తుకొచ్చి చెబితే నీకు పిచ్చి పట్టిందన్నారు. నమ్మనివాళ్ల ఇంటి తలుపే అద్భుతం వచ్చి తట్టింది. మరి మనం ఏ గిన్నెతో విశ్వాసాన్ని కొలుస్తున్నాం? పౌలు ఒంటిమీది రుమాళ్లు తాకి రోగులు బాగయ్యారు, అదే పౌలు త్రోఫిమును మిలేతులో రోగిగానే వదిలి వెళ్లాడు. ఎందుకో రాయలేదు. రాయనిదాన్ని నేను మందిరంలో నిలబడి రాసేశాను. "అమ్మా, ఆ రోజు నేను అన్నమాట తప్పు" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. క్షమించానని కూడా అనలేదు.

కాసేపటికి తనే మొదలుపెట్టింది. "ఆయన్ని బాగుచెయ్యలేదు దేవుడు. అది నాకింకా మింగుడుపడలేదు. కానీ ఒకటి చెబుతా. పద్నాలుగు నెలల్లో ఒక్క మంగళవారం కూడా బండి దొరకలేదని ఆగలేదు అయ్యగారూ. ఆటో అబ్బాయి మన దేవుణ్ణి నమ్మినవాడు కూడా కాదు. డబ్బుల్లేవంటే రాసుకునేవాడు, తరువాత చూస్తే ఆ పుస్తకంలో ఏమీ రాయలేదు. రాత్రుళ్లు నాకు భయమేస్తే అవ్వ వచ్చి గడపలో పడుకునేది. పొద్దున పనికి పోయేది. ఇదంతా అద్భుతమంటారో కాదో మీరే చెప్పాలి, మీరు చదువుకున్నారు."

ఏ అవ్వ అని అడిగాను. మన అవ్వే.

అప్పుడు ఆ చెల్లెమ్మ చెప్పిన సంగతి నాకు ఆరేళ్లుగా తెలియదు. అవ్వ కోడలు చనిపోయిందని తెలుసు, ఏదో జబ్బు అనుకున్నాను. జబ్బు కాదు. నేను ఈ ఊరు రాకముందు, ఒక మిరపకోతల కాలంలో, కూలీల ఆటో పొద్దున్నే మంచులో లారీ కింద పడింది. అవ్వ ముందు వైపు కూర్చుంది, కోడలు వెనక చెక్క మీద. అవ్వ ఇంటికొచ్చింది, కోడలు రాలేదు. ఆ కోడలి బిడ్డనే అవ్వ పెంచి, ఇప్పుడు ఒంగోలులో నర్సింగు చదివిస్తోంది. ఆ తరువాత కూడా అవ్వ అదే రోడ్డు మీద, అలాంటి ఆటోలోనే కూలికి పోవాల్సి వచ్చింది, వేరే దారి లేదు. ఎక్కిన ప్రతిరోజూ దిగుతానో లేదో తెలియకుండానే ఎక్కింది. దిగిన ప్రతివారం లేచి నిలబడి చెప్పింది. నేను దాన్ని ప్రత్యేకమైన సాక్ష్యం కాదన్నాను.

కానా ఊరి పెళ్లిలో ద్రాక్షారసం ఎక్కడినుండి వచ్చిందో విందు ప్రధానికి తెలియదని యోహాను రాశాడు. ఆ నీళ్లు తోడిన పనివాళ్లకే తెలుసు. ఆరు రాతి బానలు నింపి, నడుములు విరిగేలా మోసినవాళ్లకి. నేను ఆ రోజు విందు ప్రధానిలా పైన కూర్చుని రుచి చూస్తున్నాను.

అవ్వ ఇంటికి వెళ్లాను. వాకిట్లో పట్టా పరుచుకుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. ఘాటుకి నాకు తుమ్ములు ఆగలేదు. తుమ్ముతూనే క్షమించమని అడిగాను. "దేనికి అయ్యా?" అంది. ఆ ఆదివారం సంగతి చెప్పాను. "దానికా? పోనీలే. మీరు ఆపితే నేను ఇంటికొచ్చి పొయ్యి దగ్గర చెప్పుకున్నా. మైకు లేకపోతే ఆయనకి వినబడదా ఏంది" అంది. తరువాత నావైపు చూడకుండా, తొడిమ తుంచుతూ, "నా కోడలు కూడా ప్రార్థన చేసుకునే ఎక్కిందయ్యా ఆ రోజు. నాకంటే బాగా చేసేది" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. అవ్వ కూడా అడగలేదు.

తమ్ముడూ, నీకు ఫోన్లో చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతున్నాను. దేవుడు కుంటివాణ్ణి నడిపించగలడని నేను నమ్ముతున్నాను. మన సంఘంలో కూడా డాక్టరు చేతులెత్తేసిన బిడ్డ బతికి నీతోపాటే పదోతరగతి చదివాడు. అది మరిచిపోలేదు. అలాంటిది జరిగితే దాచకుండా చెబుదాం. కానీ చెప్పేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చెబుదాం. వేసుకున్న మాత్రల పేరు కూడా చెబుదాం. ఆస్పత్రికి తీసుకువెళ్లినవాడి పేరు చెబుదాం. ప్రార్థన చేయించుకున్నాం కదా అని షుగరు మాత్రలు ఆపేసి కాలిమీద పుండు తెచ్చుకున్న పెద్దాయన్ని మనం చూశాం. ఆయన ఆపుతుంటే నేను గట్టిగా వద్దనలేదు, ఆ భారం నామీదే ఉంది. ప్రభువు పదిమంది కుష్ఠరోగుల్ని యాజకుల దగ్గరికి పంపాడు, చూపించుకోమని. స్వస్థతకి భయపడాల్సింది పరీక్షలకి కాదు. మాత్రలు ఆపేవాళ్లు రిపోర్టు చూపించి, డాక్టరు ఆపమంటేనే ఆపండి. ఇది సంఘకాపరిగా నా మాట. ఆ పదిమందిలో పదిమందీ బాగయ్యారు. తాను బాగయ్యానని చూసుకుని వెనక్కి తిరిగినవాడు ఒక్కడు. మిగతా తొమ్మిదిమందికి జరిగింది తక్కువ అద్భుతమేమీ కాదు.

ఈ నెలనుండి కానుకల పెట్టె పక్కన ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టించాను. సాక్ష్యం చెప్పడానికి సిగ్గుపడేవాళ్లు అందులో రాయవచ్చు. రాయడం రానివాళ్లకి మా ఇంటావిడ రాసిపెడుతుంది. మొదటి వారం ఎవరూ రాయలేదు. రెండోవారం ఎవరో, చేతిరాత చూస్తే చిన్నపిల్లలదే, "మా గేదె ఈనింది, దూడ బతికింది" అని రాశారు. దాని కింద ఇంకొకరు, "నా కొడుకు మూడు వారాలుగా తాగలేదు. ఇంకా ఎవరికీ చెప్పొద్దు" అని రాశారు. అది ఎవరో నాకు తెలుసు. చెప్పను. నాలుగో వారానికి కూడా ఆ ఇంట్లో ప్రశాంతంగానే ఉంది.

ఆ చెల్లెమ్మ వెంటనే రాలేదు. రెండు ఆదివారాల తరువాత వచ్చి తలుపు దగ్గర కూర్చుంది. పాటలు పాడదు. కళ్లు మూసుకోదు. సాక్ష్యాల సమయంలో నేల చూస్తుంది. ఆమెను ఏమీ అడగకండి, దయచేసి. పక్కన కూర్చోండి, చాలు.

పోయిన ఆదివారం సాక్ష్యాల సమయం రాగానే నేను మైకు పట్టుకుని అవ్వవైపు చూశాను. అవ్వ లేవలేదు. అవ్వా అని పిలిచాను. కొంగు తలమీదకు లాక్కుని నింపాదిగా లేచింది. "బుధవారం రాత్రి ఆటో టైరు పంక్చరైంది. స్టెప్నీ లేదు. నడిచి నడిచి తొమ్మిదిన్నరకి ఇంటికొచ్చాం. ఒకామె చెప్పు తెగిపోతే నా చెప్పులిచ్చా. మిగతా రోజులు ఆటో ఎక్కి పోయాం, ఆటో దిగి ఇంటికొచ్చాం. ప్రభువుకి స్తోత్రం" అని కూర్చుంది. ఈసారి కూడా కొంతమంది నవ్వారు, చెప్పుల మాటకి. తలుపు దగ్గరినుండి ఎవరో, స్తోత్రం, అన్నారు. గట్టిగా కాదు. నేను తల ఎత్తి చూడలేదు. మా అవ్వ మాత్రం వెనక్కి తిరిగి చూసి, వచ్చి నా పక్కన కూర్చోమన్నట్టు చాపమీద చేత్తో తట్టింది.